అత్తమ్మ వాక్కు

మా ఇంట్లో టీవీ కొన్నది మా ఆయన, కరెంటు బిల్లు కట్టేది నేను, రిమోట్ మాత్రం అత్తమ్మది. ఐపీఎల్ అనేది లేకపోతే ఈ పంపకం మీద ఎవరికీ పేచీ ఉండేది కాదు. 2020 నుంచి రాత్రి మ్యాచ్‌లు ఏడున్నరకు మొదలవుతున్నాయి. సీరియళ్లకు కూడా ఏడున్నరే దివ్యమైన ముహూర్తం. కార్తీకదీపం వచ్చే రోజుల్లో వంటలక్క కళ్లు తుడుచుకునేలోపు అవతల పవర్‌ప్లే అయిపోయేది. 2023 జనవరిలో ఆ సీరియల్‌కు శుభం కార్డు పడితే మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. 2024 మార్చిలో, ఐపీఎల్ మొదలైన వారంలోనే, రెండో భాగం దిగింది. మనిషన్నవాడు ఎన్నిసార్లని తట్టుకుంటాడు? ఆ తర్వాతి సీజన్‌కు మ్యాచ్‌లు ఫోన్లోనే చూసుకుందామని ఒక యాప్‌కు మూడు నెలల చందా కట్టేశాడు. మధ్యాహ్నం పూట పాత సీరియళ్లు చూసుకుంటుందిలే అని వాళ్లమ్మ ఫోన్లో కూడా అదే వేసిచ్చాడు.

ఆ యాప్‌లో ఒక కిటుకుంది. డబ్బు కట్టినవాళ్లకు రాత్రి టీవీలో రావలసిన ఎపిసోడ్ ఆ పొద్దున్నే వచ్చేస్తుంది. ఈ సంగతి మా ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. అత్తమ్మ మాత్రం ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. ఒకరోజు నల్లా నీళ్లు పట్టడానికి లేస్తే వంటింట్లోంచి సన్నగా ‘ఢాం... ఢాం...’ అని మోత. వెళ్లి చూస్తే అత్తమ్మ ఉప్పు డబ్బాకు ఫోన్ ఆనించి, దాని మీద కొంగు చాటు పెట్టి, ముక్కు కొసకు జారిన కళ్లద్దాల్లోంచి చూస్తోంది. పక్కన పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"అత్తమ్మా, పాలు!"

"ఆగే, ఆమె ఇప్పుడే కండ్లు తెరిచింది."

ఆమె అంటే ఐసీయూలో ఉన్న కథానాయిక. సీరియల్ పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది దాన్ని వెనకేసుకు రావడానికి ఇక్కడే చదవడం ఆపేస్తారు.

హనుమకొండలో మా గల్లీ ఆడవాళ్లందరూ సాయంత్రం మా గేటు ముందు బండల మీద చేరతారు. చాటలో చిక్కుడుకాయలుంటాయి, నోట్లో నిన్నటి ఎపిసోడ్ ఉంటుంది. ఎదురింటి వదినెకు నగల పట్టింపు. "పండుకునేటప్పుడు గూడ వడ్డాణమేంది పెద్దమ్మా, గుచ్చుకోదా?" అంటుంది. మూలమీది టీచరమ్మకు భాష మీద కోపం. "హైదరాబాద్‌ల కూసొని తీస్తరు. ఇంట్ల ఉన్నోళ్లంత ఆ దిక్కు మాట మాట్లాడ్తరు. మన మాట మాట్లాడేది పనిమనిషొక్కతే. గిదేం లెక్క?" ఈ ఒక్క విషయంలో మాత్రం సభలో రెండో మాట ఉండదు. నేను కూడా గేటు లోపలి నుంచే అవునంటాను. మా పైపోర్షన్ పిల్లకు ఇంకా పెళ్లై ఏడాది కాలేదు, పాపం లోకం తెలియదు. "ఆమె ఒక్క మాట మొగనికి చెప్తే అయిపోవు గద ఆంటీ?" అని అడిగింది. "చెప్తే రేపటి సంది ఏం జూస్తవే?" అని అత్తమ్మ కసిరింది.

ఈ సభకు మొదట్లో పెద్దదిక్కు ఖరగ్‌పూర్ చిన్నమ్మ. వాళ్లాయన కాజీపేటలో రిటైరయ్యాడు గానీ, ఉద్యోగం చాలాకాలం ఖరగ్‌పూర్‌లోనే చేశాడు. అక్కడ రైల్వే పుణ్యమా అని తెలుగువాళ్లు బోలెడంత మంది. కాబట్టి చిన్నమ్మకు తెలుగు పోలేదు, పైగా బెంగాలీ వచ్చింది. మన సీరియళ్లలో చాలావాటికి మూలం పక్క భాషల్లోనే ఉంటుంది కదా. కార్తీకదీపం మలయాళం కథ. ఇంటింటి గృహలక్ష్మి, బ్రహ్మముడి బెంగాలీ నుంచి వచ్చినవి. కొత్త సీరియల్ ప్రోమో పడితే చాలు, చిన్నమ్మ ఆ కథ మూలమేదో పట్టేసి, ఎవరు ఎవరి కూతురో, ఎవరికి గతం గుర్తుకొస్తుందో అక్కడే చెప్పేసేది. "లగ్గం కాకముందే తొట్టెల జేస్తవేంది చిన్నమ్మా!" అని టీచరమ్మ చెవులు మూసుకునేది. కానీ మనవాళ్లు కథ అరువు తెచ్చుకున్నా నడక సొంతంగా నడుస్తారు. అక్కడ అయిపోయినా ఇక్కడ ఇంకా సాగుతూనే ఉంటుంది. అందుకని చిన్నమ్మ వచ్చే ఏడాది సంగతి చెప్పగలిగేది గానీ, ఈ రాత్రి సంగతి చెప్పలేకపోయేది.

ఆ ఖాళీలోకి మా అత్తమ్మ దిగింది.

చూశానని ఎన్నడూ అనలేదు. చిక్కుడుకాయ ఈనె తీస్తూ తీస్తూ ఆగి, కళ్లు సగం మూసి, "నాకెందుకో ఆ ముసలామె ఇయ్యాల మెట్ల మీదికెళ్లి పడ్తదనిపిస్తంది" అనేది. రాత్రికి ముసలామె పడేది. "ఆ కాయితం సంచిల లేదు, బీరువల ఉన్నది" అనేది. కాయితం బీరువాలోనే దొరికేది. ఎవరికీ అనుమానం రాకుండా రాత్రి ఏడున్నరకు మళ్లీ టీవీ ముందు కూర్చుని, అందరికంటే ముందు "అయ్యో!" అనేది కూడా తనే. నటనకిచ్చే అవార్డులు టీవీ లోపలివాళ్లకే ఎందుకిస్తారో నాకు అర్థం కాదు.

2008 నుంచి 2013 దాకా మొగలిరేకులు చూసిన తరం ఇది. అప్పట్లో ఆ రాత్రి ఏమైందో ఆ రాత్రికే తెలిసేది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోతే, ఏ వాడలో ఉందో కనుక్కుని చుట్టాల్లా వెళ్లి కూర్చునేవాళ్లు. రాత్రి ఎపిసోడ్ పొద్దున్నే ఫోన్లో ఉంటుందని వీళ్లకెలా తోస్తుంది? పెద్దమ్మ నోట వాక్కుందని తేల్చేశారు.

వాక్కు ఉన్నాక సీరియల్ దగ్గరే ఆగదు. పైపోర్షన్ పిల్ల గ్రూప్ పరీక్ష రాయాలా వద్దా అని అడిగింది. ఎవరో ఆడబిడ్డ కూతురి సంబంధం ఫోటో తెచ్చి చూపించారు. అత్తమ్మ ఫోటోను దూరంగా పట్టుకుని చూసి, "తల్లి చాటు పిల్లగాడు. ఒక ఆర్నెల్లు గోసపెడ్తడు, తర్వాత మంచిగైతడు" అంది. అది సీరియల్ కథానాయకుడి జాతకమని నాకొక్కదానికే తెలుసు.

అసలు చిక్కు మిర్చితో వచ్చింది. ఎదురింటి వదినె తమ్ముడిది నర్సంపేట దిక్కు. ఆ ఏడు మిర్చి బాగానే దిగింది గానీ, ఎనుమాముల మార్కెట్లో ధర ఇయ్యాల ఒక తీరు, రేపొక తీరు. అమ్ముకోవాలంటే మనసొప్పదు, కోల్డ్ స్టోరేజీలో పెడితే కిరాయి కట్టాలి. వదినె వచ్చి అత్తమ్మ ముందు కూర్చుంది.

"అమ్ముమందునా పెద్దమ్మా, ఆగుమందునా?"

మా అత్తమ్మకు మిర్చితో ఉన్న సంబంధమల్లా గిర్నీలో కారం పట్టించుకోవడమే. అయినా కళ్లు మూసింది. "జెర ఆగుమను. కథ ఇప్పుడే తిరుగుతది" అంది.

ఆ మాట నేను ఆ పొద్దున్నే విన్నాను. సీరియల్లో వకీలు అన్నాడు. రాత్రి వంటింట్లో "మిర్చి సంగతి మనకెందుకు అత్తమ్మా?" అంటే, "నేనేమన్న అమ్ముకోవద్దన్ననా? ఆగుమన్న, గంతే" అని దుప్పటి కప్పుకుంది.

ఐపీఎల్ అయిపోయింది. చందా గడువూ తీరింది. ఒక పొద్దున అత్తమ్మ ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "దీనికేం రోగమొచ్చె? పైసలడుగుతంది." మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "క్రికెట్ అయిపోయిందమ్మా, ఇంక దానితోటేం పని?" అన్నాడు. ఏం పనో కొడుక్కి చెప్పుకోలేక అత్తమ్మ నా వైపు చూసింది. నేను నీళ్ల బిందె వైపు చూశాను.

అది మామూలు రోజు కూడా కాదు. ముందు రాత్రి కథానాయిక చేతిలో డాక్టర్ రిపోర్టుతో భర్త గది గుమ్మం ముందు ఆగిపోయింది. సాయంత్రం సభ నిండుగా ఉంది. ఖరగ్‌పూర్ చిన్నమ్మ కూడా మెట్టు దిగి వచ్చింది.

"పెద్దమ్మా, ఈ రాత్రి చెప్తదా, చెప్పదా?"

అత్తమ్మ చాలాసేపు ఈనెలు తీసింది. చివరికి తెగించింది. "చెప్తది. చెప్పక ఎట్లుంటది? కడుపుకు అన్నం తినే మనిషైతే చెప్పాలె."

అక్కడే దెబ్బతింది. కథానాయికను మామూలు మనిషి కింద లెక్కేసింది. రాత్రి ఆ పిల్ల నోరు తెరిచింది, కెమెరా మూడువైపుల నుంచి మూడుసార్లు తిరిగింది, గాలికి కిటికీలు కొట్టుకున్నాయి. భర్త "ఏంటి?" అన్నాడు. "ఏం లేదండీ" అంది.

బ్రేక్ పడకముందే మా గేటు చప్పుడైంది. వచ్చింది వదినె. ఆమె బాధ రిపోర్టు గురించి కాదు. "పెద్దమ్మ వాక్కు తప్పింది! మరి మా తమ్ముని మిర్చి?" వెనకే మిగతా అందరూ. అక్కడే, గల్లీ మధ్యలోనే, స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"అరే తమ్మీ, ఇంక ఆగకు. రేపే అమ్మెయ్ రా మిర్చి!"

"ఏం మిర్చక్కా? నువ్వు ఆగుమన్న తెల్లారే అమ్మిన గద!"

"అదేందిరా? పెద్దమ్మ ఆగుమన్నదని చెప్తి గద!"

"చెప్పినవ్. గదే మాట ఆ పొద్దుగాలనే సీరియల్ల వకీలు అన్నడక్కా. నీ మరదలు రోజు పాలు పిండుకుంట ఫోన్ల సూస్తది, మా ఇంట్ల అందరం ఇంటం."

గల్లీలో ఎవరూ కిక్కురుమనలేదు. అందరి చూపులూ అత్తమ్మ మీదే. అత్తమ్మ చూపు కరెంటు స్తంభం మీద. చాలాసేపటికి ఖరగ్‌పూర్ చిన్నమ్మ ఒకడుగు ముందుకేసి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఆ చందా ఎంతో చెప్తే తలా ఇంత ఏసుకుందాం గద. రేపన్న చెప్తదో లేదో పొద్దుగాలనే తెల్వాలె."