ఎర్ర పెన్ను, ఎండిన పెన్న

మా పాప మూడో తరగతి. మొన్న డ్రాయింగ్ పరీక్షలో ప్రకృతి దృశ్యం గీయమన్నారంట, పదికి మూడొచ్చినాయి. ఏం గీసిందిరా దేవుడా అని చూస్తే, గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే మట్టిరంగు కొండ, ఎండిపోయిన పెన్న, నడుమ ఇసుక ట్రాక్టరు, దాని మీద సెల్లు మాట్లాడతా ఒకాయన. పామిడి బ్రిడ్జి మీద బస్సులోంచి చూసింది చూసినట్టు దించేసింది. కింద ఎర్ర పెన్నుతో రాసిన తీర్పు: 'కొండలు పచ్చగా ఉండవలెను. నదిలో నీరు ఉండవలెను.'

నదిలో నీరు ఉండవలెను! ఇంత చిన్న ముక్క అనంతపురంలో ఇన్నేళ్లు ఎవరికీ తట్టలేదు చూడండి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ పడే వానను నమ్ముకుని శెనక్కాయలేసి దివాలా తీసినాం, శ్రీశైలం నుంచి హంద్రీనీవా కాలవ తవ్వుకుని మెట్టు మెట్టుకీ మోటార్లు పెట్టి నీళ్లు ఎత్తిపోసుకుంటున్నాం. ఒక్క ఎర్ర పెన్నుతో అయిపోయే పని అది. ఆ పెన్ను ఇరిగేషన్ ఆఫీసులో ఉండాల్సింది, మూడో తరగతిలో ఏం చేస్తాందో.

సరే అని స్కూలుకు పోయినా. అక్కడ ఒక క్రియేటివిటీ కోఆర్డినేటర్ ఉన్నాడు, ఫీజు రసీదులో కూడా క్రియేటివిటీ అని ఒక లైనుంది కాబట్టి మనిషిని పెట్టక తప్పలేదు. ఆయన చాలా మర్యాదస్తుడు, కుర్చీ వేసి, ఫైలు తెరిచి, నమూనా చూపించినాడు. రెండు త్రికోణం కొండలు, నడిమధ్యన సూర్యుడు, ఒక గుడిసె, ఒక టెంకాయ చెట్టు, పక్కకు పడుకోబెట్టిన మూడంకె మాదిరి నాలుగు పక్షులు. క్లాసులో నలభై మందీ అదే గీసినారు, మా పాప తప్ప.

"పిల్లల సొంత ఆలోచన బయటికి రావాల సార్, అదే మా పాలసీ."

"ఇది దాని సొంత ఆలోచనే కదప్పా."

"అవును సార్, కానీ ఇందులో ఉన్నట్టు లేదు కదా."

సూర్యుడికి రెండు మార్కులంట, టెంకాయ చెట్టుకు రెండు, పక్షికి అర. ట్రాక్టరుకు కాలమే లేదు. పోనీ ట్రాక్టరును పెద్ద సైజు పక్షి అనుకుని అరమార్కు వెయ్యమంటే, హెడ్డాఫీసును అడగాలన్నాడు.

నవ్వొస్తాంది గానీ, టైంటేబుల్లో డ్రాయింగ్ అని అచ్చేసి ఆ గంట లెక్కల సారుకు ఇచ్చేవాళ్లు నా బిడ్డ గీసిన బొమ్మకు మార్కులేసేదేంది? ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వందమంది పిల్లలు దాటితే బొమ్మలు నేర్పేదానికి పార్ట్‌టైమ్ మనిషి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, మీ పిల్లోళ్ల స్కూల్లో ఎవరన్నా ఉన్నారేమో అడిగి చూడండి. ఇక్కడికి దగ్గర్లోనే ధర్మవరం పక్కన నిమ్మలకుంట, మేకతోలు మీద బొమ్మలు గీసి రంగులేసి ఆడించే ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. ఒక్క బస్సన్నా అక్కడికి పోయిందా? పోదు, విహారయాత్ర అంటే వాటర్ పార్కే. ఆయనే మా పాప క్లాసులో కూర్చుని ఉంటే రాముడికి నీలం రంగు ఎందుకేసినావని రెండు మార్కులు కోసేవాళ్లు. పిల్ల కండ్లతో చూసింది, చేత్తో గీసింది. దాన్ని తప్పని చెప్పి, చూడని టెంకాయ చెట్టుకు మార్కులేస్తారు, దానికి మళ్లీ మా దగ్గరే డబ్బులు!

మళ్లీ పరీక్ష పెట్టినారు. ఈసారి పాప కొండకు పచ్చరంగు, పెన్నకు నీలంరంగు పూసి పదికి పది తెచ్చుకుంది. ఇంటికొచ్చి బ్యాగు పక్కన పడేసి అడిగింది:

"నాయనా, మిస్సోళ్ల ఊర్లో పెన్న నిండా నీళ్లుంటాయా?"

మిస్సోళ్లది తాడిపత్రి. ఇల్లు పెన్న ఒడ్డునే.