అనుచరుడికీ ఒక పేరు ఉండేది

మా కడప జిల్లా పల్లెల్లో తోలుబొమ్మలాట చూసి పెరిగిన పెద్దవాళ్ళను ఆ ఆట గురించి కదిలిస్తే, రాముడికంటే ముందు జుట్టుపోలిగాణ్ణీ, బంగారక్కనూ, కేతిగాణ్ణీ తలుచుకుంటారు. రాముడూ రావణుడూ పద్యాలు పాడుతుంటే ఈ ముగ్గురూ ఊరి భాషలో మాట్లాడతారు, ఊళ్ళో నిన్న జరిగిన సంగతిని కథలోకి లాక్కొస్తారు, తెరకు ఇవతల కూర్చున్న మనబోటి వాళ్ళ పక్షాన నిలబడతారు. రామాయణంలో ఎక్కడా లేని ఈ పాత్రలే తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టేవి. పాత తెలుగు సినిమాల్లో కథానాయకుడి వెంట నడిచే తోడు పాత్రలను నేను ఈ వంశంలోనివిగానే చూస్తాను. వాటిని నవ్వు కోసం మధ్యలో ఇరికించిన అదనపు సరుకుగా చూసేవారితో నేను ఎంతమాత్రం ఏకీభవించను.

1957లో వచ్చిన 'మాయాబజార్'నే తీసుకుందాం. దాని దర్శకుడు కె.వి. రెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టినవాడు, నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడు మనిషి. పాండవుల ఇంటి కోడలి కోసం నడిచే ఆ కథలో పాండవులు ఒక్కసారి కూడా తెరమీదికి రారు. వాళ్ళ లోటు మనకు తెలియకుండా చేసింది చుట్టూ ఉన్న పాత్రలే. అభిమన్యుడు ప్రేమిస్తాడు, కోప్పడతాడు, విల్లు ఎక్కుపెడతాడు గానీ పెళ్ళి చక్కబడేది ఇతరుల తెలివితేటల వల్లనే. ఘటోత్కచుడి కొలువులో చిన్నమయ్య ఉన్నాడు, అతని శిష్యులు లంబు, జంబు ఉన్నారు. శకుని పంపగా మగపెళ్ళివారి తరఫున విడిది ఏర్పాట్లు చూడవచ్చిన శర్మ, శాస్త్రి ఉన్నారు. తప్పులు వెతకడమే పనిగా వచ్చిన ఆ ఇద్దరూ వంటల దగ్గర గోంగూర ప్రస్తావన తెస్తారు. ద్వాపరయుగపు పెళ్ళిలో గోంగూర అనగానే ఆ పురాణం మన ఇంటి పెళ్ళి అయిపోతుంది. ఆ తరువాత కంబళి గింబళిగా, తల్పం గిల్పంగా మారి వాళ్ళను ముప్పుతిప్పలు పెట్టే ఘట్టంలో నాయికా నాయకులతో పని లేదు. అయినా సినిమా పేరు చెప్పగానే పిల్లలకు గుర్తొచ్చేవాటిలో అదొకటి. రచయిత పింగళి నాగేంద్రరావు తన మాటల చమత్కారంలో ఎంత భాగాన్ని ఈ చిన్న పాత్రల నోట పెట్టాడో గమనిస్తే, వాటి మీద ఆయనకున్న గౌరవం అర్థమవుతుంది.

అంతకు ఆరేళ్ళ ముందు 1951లో 'మాయాబజార్' తీసిన విజయా సంస్థ నుంచే, ఇదే దర్శకుడి చేతుల మీదుగా వచ్చిన 'పాతాళ భైరవి'లో తోటరాముడి వెంట అంజి ఉంటాడు. ఆ వేషం వేసిన బాలకృష్ణ అనే నటుణ్ణి జనం ఆ తరువాత అంజిగాడు అనే పిలుచుకున్నారు. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి వేషం వేసిన పద్మనాభం మా జిల్లా సింహాద్రిపురం వాడు. ప్రతినాయకుడి శిష్యుడికి కూడా ఒక పేరూ, ఒక నడకా, ఒక మాటతీరూ ఉండాలని ఆనాటివారు అనుకున్నారు. ఆ పద్మనాభమే నిర్మాతగా మారి, 1967లో వచ్చిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని గాయకుడిగా పరిచయం చేశాడు.

ఆ పాత్రల్లో లోపాలు లేవని కాదు. నత్తినీ, లావునూ, నల్లరంగునూ చూసి నవ్వమన్న సందర్భాలు చాలా ఉన్నాయి, అవి నాకు నచ్చవు. కానీ సూర్యకాంతం వేసిన గయ్యాళిలో కూడా ఒక ఇల్లూ, ఒక భయమూ, ఒక పట్టుదలా కనబడేవి. ఎంత చిన్న పాత్రయినా మనిషిగానే ఉండేది.

1990ల చివరి నుంచి మా సీమ పేరుతో వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల్లో పోయింది సరిగ్గా ఇదే. కర్నూలు కొండారెడ్డి బురుజు ముందు సుమోలు ఆగుతాయి, వేట కొడవళ్ళతో పదిమంది దిగుతారు, నాలుగు నిమిషాల్లో పడిపోతారు. వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. వేరుశనగ చేలో పంట ఎండిపోయి వచ్చాడా, అన్న చనిపోయాడని వచ్చాడా, వాడికోసం ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారు అన్న ప్రశ్నే రాదు. అనుచరుడంటే నరకడానికో నరికించుకోవడానికో పనికొచ్చే శరీరం మాత్రమే అయ్యాడు. మా యాస బెదిరింపులకు తప్ప దేనికీ పనికిరానిదయింది. ఇంత గొప్ప తోడు పాత్రలను తెలుగు తెరకు ఇచ్చినవారిలో ఎందరో పుట్టిన నేల ఇది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ' ఆడి మొదలైన సురభి నాటకం కూడా ఇక్కడిదే. అదే నేల మనుషులను తెరమీద పేరు లేనివాళ్ళుగా చూపడం నాకు బాధ కలిగిస్తుంది. సీమకు దూరంగా పుట్టి పెరిగిన మన పిల్లలకు రాయలసీమ అంటే ఆ సినిమాలే తెలుసు కనుక ఆ బాధ రెట్టింపు అవుతోంది.

మన తెలుగువారి సంఘం ఏటా పిల్లలచేత పౌరాణిక నాటిక వేయిస్తోంది. అందులో కిరీటం ఉన్న పాత్రలకే సంభాషణలన్నీ పోతున్నాయి, మిగతా పిల్లలు వెనక వరుసలో చామరాలు పట్టుకుని నిలబడుతున్నారు. వచ్చే ఉగాది నాటికలోనైనా భటుడికీ, చెలికత్తెకూ, వంటవాడికీ పేర్లు పెట్టి, కనీసం ఒక్కొక్క సన్నివేశమైనా వారి చేతిలో పెట్టి, ఆ మాటలను కడప, కర్నూలు, అనంతపురం పలుకుబడిలో రాయించాలని సాంస్కృతిక విభాగాన్ని కోరుతున్నాను. రాసే బాధ్యత నాకు అప్పగిస్తే సంతోషంగా తీసుకుంటాను. పిల్లలకు ఆ పలుకు నేర్పడానికి మన సభ్యుల్లోని సీమ అమ్మమ్మలూ జేజినాయనలూ ముందుకు రావాలి.