భర్తకూ చికిత్స అందాలి

పెళ్లయిన స్త్రీలకు సుఖవ్యాధులు రావన్న నమ్మకం తప్పని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను; అది నిజమే. క్లమీడియా, గనేరియా అనే సుఖవ్యాధులు సోకిన స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు గనుక, అండవాహికలు దెబ్బతిని సంతానం కలగకపోయేదాకా విషయం బయటపడకపోవచ్చు. అప్పటికి ఇంట్లో నింద పడేది ఆమె మీదే. రేవు పట్టణం కాబట్టి మా విశాఖలో ఓడ కళాసీలనూ, లారీ డ్రైవర్లనూ అనుమానించడం అలవాటైపోయింది గానీ, ఉద్యోగుల ఇళ్లూ దీనికి మినహాయింపు కాదు. తెల్లబట్ట ప్రతిసారీ సుఖవ్యాధి కాకపోయినా, ఒంట్లో వేడి అనుకొని మందుల షాపులో మాత్రలు కొనుక్కోవడం ప్రమాదకరం. సుఖవ్యాధుల కోసమే ఉన్న ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో చికిత్స ఉచితమే. అయితే భార్య ఒక్కతే మందులు వాడితే భర్త నుంచి వ్యాధి మళ్లీ సోకవచ్చు. గర్భిణికి చేసే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలను వెంట వచ్చిన భర్తకూ అదే రోజు చేయాలని నా అభిప్రాయం.