లోహరహిత సంశ్లేషణ: అయోడిన్‌కు పరీక్ష పెట్టాల్సిందే

ఒడిశాలోని గంజాం దగ్గర ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, పాదరసం ఎలక్ట్రోడుతో క్లోరిన్, కాస్టిక్ సోడా తయారుచేసిన కర్మాగారం మూలంగా ముఖద్వారపు బురదలో ఆ లోహం చేరిందని పరిశోధకులు చాలాకాలం కిందటే నమోదు చేశారు. బరంపురంలోనూ ఇచ్ఛాపురంలోనూ కెమిస్ట్రీ చదివే మన పిల్లలకు ‘లోహరహితం’ (లోహ ఉత్ప్రేరకం లేకుండా రసాయనాలు తయారుచేయడం) అన్న మాట చప్పున రుచించడంలో వింత లేదు. అయితే ఆ పాదరసం వేరు, ఔషధాల తయారీలో ఉత్ప్రేరకంగా వాడే పల్లాడియం వేరు. నోటి ద్వారా తీసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదని ఔషధ ప్రమాణాల అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ మార్గదర్శకాలు పరిమితి పెట్టాయి కనుక, దాని జాడలు తొలగించే దశ బల్క్ డ్రగ్ కంపెనీకి అదనపు ఖర్చే. లోహం లేకుండానే చర్యను నడపగలదని హాలోజన్ బంధం (అయోడిన్, బ్రోమిన్ వంటి హాలోజన్ పరమాణువు ఎలక్ట్రాన్ జంట ఉన్న పరమాణువును ఆకర్షించడం) మీద ఆశ పుట్టింది అక్కడ.

కార్బన్‌తో బంధంలో ఉన్న అయోడిన్‌కు, ఆ బంధానికి సరిగ్గా ఎదురు దిశలో ఎలక్ట్రాన్ సాంద్రత పలచబడి స్వల్ప ధనావేశం తేలుతుంది. దాన్నే సిగ్మా రంధ్రం అంటారు. ఎలక్ట్రాన్ జంట ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్, బ్రోమైడ్ వంటివి దాదాపు 180 డిగ్రీల కోణంలో అక్కడికి చేరతాయి. బ్రోమిన్–డయాక్సేన్ స్ఫటికంలో ఈ అమరికను 1954లో చూపినవారు నార్వే శాస్త్రవేత్త హాసెల్. 1969లో ఆయనకు నోబెల్ దక్కింది అణువుల ఆకృతుల మీద చేసిన పనికే అయినా, బహుమతి ప్రసంగంలో ఎంచుకున్నది మాత్రం ఈ తరహా ఆకర్షణనే.

2011లో స్టెఫాన్ హ్యూబర్ బృందం ప్రచురించిన ప్రయోగం నాకు ముఖ్యంగా తోస్తుంది. అయోడిన్ అమర్చిన ఇమిడజోలియం లవణాలు (నైట్రోజన్ ఉన్న ధనావేశపు వలయాల లవణాలు) ఎసిటోనైట్రైల్ అనే ద్రావణిలో బెంజ్‌హైడ్రిల్ బ్రోమైడ్ అనే కర్బన సమ్మేళనం నుంచి బ్రోమైడ్‌ను లాగి చర్యను నడిపించాయి. అయోడిన్ స్థానంలో హైడ్రోజన్ ఉన్న అణువుతో మాత్రం చర్య సాగలేదు. ఈ పోలికే లేకపోతే ఫలితానికి విలువ సగం. వెలువడిన బ్రోమైడ్ ఆ లవణాన్నే పట్టుకుని ఉండిపోవడంతో, అక్కడ లవణం కొద్దిగా కాక, చర్యలో పాల్గొనే అణువులకు సరిపడా మోతాదులో కావలసి వచ్చింది. దాన్ని ఉత్ప్రేరకమనడానికి వీల్లేదు. కొద్ది మోతాదుతో నడిచే చర్యలు తర్వాత వచ్చాయి.

మామూలు అయోడిన్‌తో చేసే చర్యల్లో, నడిపిస్తున్నది హాలోజన్ బంధమేనా అన్న అనుమానం ఇంకా పెద్దది. తేమ తగిలి పుట్టిన హైడ్రోఅయోడిక్ ఆమ్లమే అసలు పని చేస్తున్నదేమో తేల్చాలి. ఆమ్లాన్ని పట్టగలిగి, చుట్టూ పెద్ద గుంపులుండటంతో అయోడిన్‌ను సులువుగా చేరలేని పిరిడిన్ క్షారాన్ని కలిపి చూడాలి; ఆ ఆమ్లంతోనే విడిగా మరో చర్య పెట్టాలి. మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే టీఎల్‌సీ పలకల మీద మచ్చలు చూసేందుకు సీసాలో వేసే అయోడిన్ పలుకులు ఈ ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కాలేజీల ల్యాబుల్లోనూ ఉంటాయి కాబట్టి, ఈ తనిఖీలకు పెద్ద యంత్రాలతో పనిలేదు.

అదే పలుకును హెక్సేన్‌లో వేస్తే ఊదారంగు, ఆల్కహాల్‌లో వేస్తే గోధుమరంగు. రెండోదానిలో ద్రావణి ఆక్సిజనే అయోడిన్‌ను ఆక్రమించుకుంది. అందుకే డీఎంఎఫ్, డీఎంఎస్‌ఓ వంటి ఆక్సిజన్ ఉన్న ద్రావణుల్లో ఉత్ప్రేరకం బలహీనపడుతుంది, పరిశోధకులు తరచూ డైక్లోరోమీథేన్ వైపు మొగ్గుతారు. లోహాన్ని మానేసి క్లోరిన్ ద్రావణిని పీపాల కొద్దీ వాడే పద్ధతిని ఔషధ కర్మాగారాలున్న పైడిభీమవరంలో ఎవరైనా ప్రతిపాదిస్తే, లోహపు జాడలు తొలగించే పని తప్పి ఆదా అయిన ఖర్చు పక్కన ఆ ద్రావణిని తిరిగి పట్టే ఖర్చునూ, చిలీ, జపాన్ వంటి దేశాల నుంచి దిగుమతయ్యే అయోడిన్ ధరనూ రాసి చూపమనాలి.