చీమిడి మెదడు నుంచి దిగేది కాదు

చీమిడి అంటే మెదడులో పేరుకున్న మలినమనీ, రోజూ చిటికెడు ముక్కుపొడి పీలిస్తే అదంతా బయటికి వచ్చి తల తేలికపడుతుందనీ, పీల్చిన మరుక్షణం ధారగా కారడమే ఇందుకు రుజువనీ చెప్పే సందేశమొకటి మా ఒంగోలు వాట్సాప్ గ్రూపులన్నింటా తిరుగుతోంది. పొగాకు పండించే సీమ కనుక ముక్కుపొడి మాట ఇక్కడ సులువుగా చెల్లుబాటవుతుంది.

మొదట రుజువు సంగతి. నెల్లూరు చేపల పులుసు కాస్త కారంగా పడితే ముక్కు కారడం మనందరికీ అనుభవమే. కారమైనా పొగాకు పొడి అయినా ముఖం, ముక్కులోని స్పర్శను, మంటను మెదడుకు చేరవేసే త్రిధార నాడి కొసలను రేపుతుంది. ఆ కబురు మెదడు అడుగుభాగమైన మెదడు కాండానికి చేరి, మరో నాడీమార్గాన ఆజ్ఞగా తిరిగివస్తుంది. నాడి కొసల్లో ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలై ముక్కులోని గ్రంథులు స్రవిస్తాయి. మెదడు పంపేది ఆజ్ఞ మాత్రమే, సరుకు తయారయ్యేది ముక్కులోనే.

ఆ తయారీ సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపిస్తుంది. ముక్కు లోపలి పొర కింద గుత్తులుగా ఉండే ఈ గ్రంథుల్లో రెండు రకాల కణాలున్నాయి. జిగురునిచ్చే మ్యూకస్ కణం లేత రంగులో, నురగలా కనిపిస్తుంది. జిగురు రేణువులు నిండిపోవడంతో దాని కేంద్రకం అడుగుకు నొక్కుకుపోయి పళ్లెంలా చదునవుతుంది. పలుచని స్రావాన్నిచ్చే సీరస్ కణంలో కేంద్రకం గుండ్రంగానే ఉంటుంది. దాని చుట్టూ ప్రోటీన్లు తయారుచేసే గరుకు అంతర్జీవద్రవ్య జాలకం, పైకొసన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నల్లగా కనిపించే చిక్కని రేణువులు ఉంటాయి. గుత్తి చుట్టూ అల్లుకున్న మయోఎపిథీలియల్ కణాలు ముడుచుకొని స్రావాన్ని నాళంలోకి పిండుతాయి. పై పొరలోని గోబ్లెట్ కణాలు విడిగా మరికొంత జిగురు చేరుస్తాయి.

ఇది మలినమన్న మాటా నిలవదు. సీరస్ రేణువుల్లో బాక్టీరియా గోడను ఛేదించే లైసోజైమ్, వాటికి ఇనుము అందకుండా చేసే లాక్టోఫెర్రిన్ ఉంటాయి. శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో వెల్లడించిన లైసోజైమ్ ఆయనకు మొదట కనిపించింది జలుబు చేసిన మనిషి ముక్కు స్రావంలోనే. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారి ముక్కులో దుమ్మును పట్టి ఆపేదీ ఈ జిగురే.

ముక్కుపొడి విషయానికొస్తే, అందులో నికోటిన్‌తో పాటు క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు ఉంటాయి; దాన్ని వైద్యమని ప్రచారం చేయడం బాధ్యతారాహిత్యం.

అరుదుగా కొన్ని సందర్భాల్లో మాత్రం మెదడు చుట్టూ ఉండే ద్రవం నిజంగానే ముక్కులోంచి రావచ్చు. ముఖ్యంగా తలకు దెబ్బ తగిలి పుర్రె అడుగు ఎముక చిట్లినప్పుడు, వంగితే సాధారణంగా ఒక రంధ్రం నుంచే, జిగురు లేకుండా, నీళ్లలా కారుతుంది. అప్పుడు పొడి పీల్చడం, గట్టిగా చీదడం మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.