మోషే చెప్పిన ఐదు అభ్యంతరాలు

సండే స్కూల్ క్లాసు తీసుకోమన్నా, కూడికలో వాక్యం చెప్పమన్నా మనవాళ్ల నోట ముందు వచ్చే మాట ‘నేను తగనండి’. ఆ మాటలో తప్పేమీ లేదు. అక్కడితోనే విషయం ముగిసిపోవడమే బాధ.

నిర్గమకాండం 3, 4 అధ్యాయాలు నెమ్మదిగా చదవండి. ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులను బయటికి తీసుకురమ్మని మండుతున్న పొదలోంచి దేవుడు పిలిచినప్పుడు మోషే ఐదు అభ్యంతరాలు చెప్పాడు. నేనెంతటివాణ్ని అన్నాడు. పంపిన దేవుడి పేరేమిటని ఇశ్రాయేలీయులడిగితే ఏం చెప్పాలన్నాడు. నన్ను నమ్మరన్నాడు. నోటి మాంద్యం, నాలుక మాంద్యం ఉన్నవాణ్నన్నాడు. ఈ నాలుగింటికీ దేవుడు కోప్పడలేదు, దేని జవాబు దానికిచ్చాడు. మొదటిదానికి ‘నువ్వు సమర్థుడివే’ అనలేదు, ‘నేను నీకు తోడుంటాను’ అన్నాడు. కోపం వచ్చింది ఐదోసారి, ఇంకెవరినైనా పంపమన్నప్పుడే. అప్పుడు కూడా పిలుపు రద్దు చేయలేదు, బాగా మాట్లాడగల అతని అన్న అహరోనును జతచేశాడు. (తర్వాత ప్రజలు పూజించడానికి బంగారు దూడను పోతపోసింది ఆ అహరోనే. ధారాళంగా మాట్లాడటమే అర్హత అనుకునేవాళ్లు ఇది మరవకూడదు.)

కాబట్టి మీ అభ్యంతరాలను విడివిడిగా కాగితం మీద పెట్టండి. ‘తెలుగు బైబిల్ తడబడకుండా చదవలేను’ అన్నది నేర్చుకుంటే తీరేది. ఆదివారం చదవాల్సిన భాగాన్ని సోమవారం నుంచే రోజూ పైకి చదవండి, నోరు తిరగని పేర్ల కింద గీత పెట్టుకుని పెద్దవాళ్లతో పలికించుకోండి. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి, 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు తమిళులు. తెలుగు ఆయన నేర్చుకున్న భాషే. ‘పిల్లలు అడిగేవాటికి జవాబు రాదు’ అంటారా, పక్కన ఇంకో టీచరును పెట్టుకోండి. తెలియని ప్రశ్నను రాసుకుని వచ్చే వారం చెప్పండి.

నడవడిలో లోటు మాత్రం వేరే సంగతి. పౌలు రాసిన 1 తిమోతి పత్రిక 3వ అధ్యాయంలో అధ్యక్షుడికి, అంటే సంఘాన్ని నడిపించేవాడికి, ఉండాలన్న లక్షణాల్లో బోధించే నేర్పు ఒకటి మాత్రమే. తక్కినవి చాలావరకు కోపం, డబ్బు, ఇల్లు చక్కదిద్దుకోవడం గురించినవి. కొత్తగా చేరినవాడు వద్దని కూడా పౌలు అన్నాడు. అలాంటి లోటుంటే బాధ్యత తీసుకోకముందే సంఘ పెద్దలతో దాపరికం లేకుండా మాట్లాడాలి.

సంఘాలు చేసే పొరపాటూ ఉంది. మనిషి దొరక్క ఎవరో ఒకరికి పని అంటగట్టి, దానికి పిలుపని పేరు పెడతారు. ఆ మనిషి ఏడాది తిరక్కుండానే అలసిపోయి కూడికకే రావడం మానేస్తాడు. అలా కాకుండా ముందు పది నిమిషాల భాగం ఇవ్వండి, మూడు నెలలని గడువు చెప్పండి. గడువయ్యాక కూర్చుని అడగండి. మానేస్తానంటే మాననివ్వండి.