పాట వినక ముందే తీర్పా?

గ్రామీ పురస్కారాలు ఇచ్చే అమెరికా రికార్డింగ్ అకాడమీ 2025 జూన్‌లో ఒక మార్పు ప్రకటించింది. అమెరికా దక్షిణాది పల్లెపాటల నుంచి పెరిగిన కంట్రీ సంగీతంలో ఉత్తమ ఆల్బమ్‌కు ఇస్తున్న బహుమతి ఇకపై రెండవుతుంది. ఒకటి సంప్రదాయ కంట్రీకి, మరొకటి సమకాలీన కంట్రీకి. అంతకు నాలుగు నెలల క్రితమే, ఫిబ్రవరి 2న, ఉమ్మడిగా ఉన్న ఆ బహుమతిని ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్‌కు పాప్ గాయని బియాన్సే అందుకున్నారు. నల్లజాతి కళాకారులలో ఒకరికి ఆ విభాగంలో బహుమతి దక్కడం అదే మొదటిసారి. మార్పు కోరుతూ సంగీతకారులే ప్రతిపాదన తెచ్చారని, అందుకే అంగీకరించామని అకాడమీ వివరించింది. ఆ వివరణను మేము తోసిపుచ్చడం లేదు. అయినా ఒక నల్లజాతి మహిళ గెలిచిన మరుసటి పోటీకే విభాగం చీలిపోవడం చాలామందికి గుచ్చుకుంది. ఆ ఆల్బమ్ విడుదలైన నాటి నుంచి దానికి ఎదురైన ఆదరణనూ నిరాకరణనూ గమనించినవారికి అలా గుచ్చుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఆల్బమ్ 2024 మార్చి 29న వచ్చింది. మొత్తం 27 ట్రాకులు. మొదటి వారంలోనే, అమెరికాలో సంగీతానికి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక ప్రధాన ఆల్బమ్‌ల జాబితాలోనూ, కంట్రీ ఆల్బమ్‌ల జాబితాలోనూ అగ్రస్థానం అందుకుంది. కంట్రీ ఆల్బమ్‌ల జాబితాలో ఒక నల్లజాతి మహిళ మొదటి స్థానంలో నిలవడం అంతకు ముందెన్నడూ లేదు. అమెరికాలో, బ్రిటన్‌లో పేరున్న సమీక్షకులు చాలామంది దానికి జేజేలు పలికారు. ఇంత జరిగినా వారాల తరబడి నలిగిన ప్రశ్న ఒక్కటే: ఇది అసలు కంట్రీ సంగీతమేనా? పాటలు ఎలా ఉన్నాయి, గొంతు ఏ స్థాయిలో పలికింది, వాద్యాల కూర్పులో కొత్తదనం ఎంత అన్న చర్చకు దక్కిన చోటు చాలా తక్కువ. మా అభ్యంతరం అక్కడే.

ఆల్బమ్ రాకముందే ఈ ధోరణి బయటపడింది. ‘టెక్సస్ హోల్డెమ్’ పాట ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు ఓక్లహోమాలోని ఒక కంట్రీ రేడియో కేంద్రాన్ని ఒక శ్రోత ఆ పాట వేయమని అడిగారు. మాది కంట్రీ స్టేషన్, బియాన్సే పాటలు వేయం అన్న జవాబు వచ్చింది. అభిమానులు ఆగ్రహించాక, ఆమె కంట్రీ పాట పాడిన సంగతే తమకు తెలియదని ఆ కేంద్రం చెప్పి పాటను ప్రసారం చేసింది. తెలియకపోవడం తప్పు కాదు. పేరు చూడగానే ఇది మనది కాదని తేల్చేయడమే ఇక్కడ పట్టించుకోవలసిన విషయం. శ్రోతల ఆదరణతో ఆ పాట కంట్రీ పాటల జాబితాలో వారాల కొద్దీ మొదటి స్థానంలో ఉన్న రోజుల్లోనే, కంట్రీ రేడియో ప్రసారాల జాబితాలో మొదటి 30లోకి కూడా రాలేకపోయింది. జనం వింటున్న పాటకు, స్టేషన్లు వినిపిస్తున్న పాటకు ఇంత దూరం ఎందుకు వచ్చిందో ప్రోగ్రామ్ డైరెక్టర్లే చెప్పాలి.

ఆ పాట ఒక బాంజో మోతతో మొదలవుతుంది. వాయించింది నార్త్ కరొలైనాకు చెందిన రియానన్ గిడెన్స్. నల్లజాతివారి పాత తంత్రీవాద్య సంప్రదాయాన్ని వెలికితీయడానికి ఏళ్ల తరబడి పాటుపడిన విద్వాంసురాలు ఆమె. బాంజో పుట్టుక గురించి ఆమె ఎన్నోసార్లు చెప్పారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు తమ ఊళ్ల వాద్యాలను గుర్తు చేసుకుంటూ, సొరకాయ బుర్రకు తోలు బిగించి, తీగలు కట్టి చేసుకున్న వాద్యం అది. ఈనాడు కంట్రీ సంగీతానికి అదే ఆనవాలు. దాన్ని తెచ్చినవారి సంతతిని మాత్రం పరాయివారిగా చూస్తున్నారు.

ఈ విభజన సంగీతం లోపలి నుంచి పుట్టింది కాదు. 1920లలో రికార్డు కంపెనీలు ఒకే ప్రాంతంలో, ఒక్కోసారి ఒకే రకం పాటలను రికార్డు చేసి, గాయకుల చర్మం రంగును బట్టి రెండు వేర్వేరు క్యాటలాగులలో అమ్మాయి. తెల్లవారి పాటలు ‘హిల్‌బిల్లీ’ రికార్డులయ్యాయి, నల్లవారివి ‘రేస్’ రికార్డులయ్యాయి. అమ్మకం కోసం గీసిన ఆ గీత తర్వాత సంగీత చరిత్రగా స్థిరపడింది. కంట్రీ పరిశ్రమకు కేంద్రమైన నాష్‌విల్ నగరంలోని గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమానికి తొలినాళ్లలో వన్నె తెచ్చినవారిలో డిఫోర్డ్ బెయిలీ ఒకరు. రైలు పరుగును హార్మోనికాలో పలికించిన నల్లజాతి వాద్యకారుడు. తోటి కళాకారులతో ఊరూరా తిరిగినప్పుడు వారు బస చేసిన హోటళ్లలో ఆయనకు చోటిచ్చేవారు కాదు. 1941లో ఆయనను కార్యక్రమం నుంచి తొలగించారు. ఆ తర్వాత ఆయన అదే నగరంలో బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకుంటూ బతికారు. కంట్రీ సంగీత ఘనుల సరసన ఆయనకు స్థానం ఇచ్చింది 2005లో, ఆయన చనిపోయిన 23 ఏళ్లకు.

లిండా మార్టెల్ కథ ఇంకా దగ్గరిది. ఆమె గొంతు ఈ ఆల్బమ్‌లోనే వినిపిస్తుంది. 1941లో సౌత్ కరొలైనాలో పుట్టిన మార్టెల్, ఆప్రీ వేదికపై ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి మహిళ. అది 1969. మరుసటి సంవత్సరం ఆమె ఆల్బమ్ వచ్చింది. కంట్రీ పాటల జాబితాలో ఆమె పాట 22వ స్థానం వరకు వెళ్లింది. వేదిక మీద పాడుతున్నప్పుడు జనంలో నుంచి జాతి పేరుతో తిట్లు వినవలసి వచ్చిందని ఆమె తర్వాత చెప్పారు. రెండో కంట్రీ ఆల్బమ్ రాలేదు. ఆ తర్వాతి జీవితంలో ఆమె బడి బస్సు కూడా నడిపారు. ‘కౌబాయ్ కార్టర్’లో ఒక పాట మొదట్లో సంగీతాన్ని రకాలుగా విడదీయడం గురించి ఆమె మాట్లాడతారు. ఆ పాటకు 83 ఏళ్ల వయసులో ఆమెకు జీవితంలో తొలి గ్రామీ నామినేషన్ వచ్చింది. అదీ కంట్రీ విభాగంలో కాదు, ర్యాప్ విభాగంలో! సమీక్షలు రాసినవారిలో ఎంతమంది మార్టెల్ పాత పాటలను వెతికి విన్నారని మేము అడుగుతున్నాం. ఆమెను గుర్తుచేసుకోవడం అంటే ఆమె పాటను వినడం కూడా.

నాష్‌విల్ పక్షాన వినిపిస్తున్న వాదన ఉంది, దాన్ని పూర్తిగా వినాలి. అక్కడి పరిశ్రమ సంఘమైన కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 2024 సెప్టెంబరులో తన పురస్కారాలకు నామినేషన్లు ప్రకటించినప్పుడు ‘కౌబాయ్ కార్టర్’కు ఒక్కటీ దక్కలేదు. ఓట్లు వేసేది వేల మంది సభ్యులని, ఎవరో కూర్చుని కుట్ర చేయలేదని అక్కడివారు అంటున్నారు. ఇది కంట్రీ ఆల్బమ్ కాదు, బియాన్సే ఆల్బమ్ అని ఆమే స్వయంగా ప్రకటించారు కదా అని గుర్తు చేస్తున్నారు. కంట్రీ పరిశ్రమ ఒక కుటుంబంలాంటిదని, ఏళ్ల తరబడి చిన్న వేదికలపై పాడి, రేడియో కేంద్రాల చుట్టూ తిరిగి ఎదిగినవారికి ఆ ఇంట్లో ముందు పీట వేస్తారని చెబుతున్నారు. నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్‌ను 1971లోనే ఆ ఏటి మేటి కళాకారుడిగా ఎన్నుకున్నది ఇదే సంఘమని కూడా చెప్పవచ్చు. నిజమే. అదే ప్రైడ్ తొలి పాటలను 1966లో రేడియో కేంద్రాలకు పంపినప్పుడు, రికార్డు కంపెనీ ఆయన ఫొటోను జత చేయలేదన్నదీ నిజమే. ముఖం తెలియనంతసేపు పాట నచ్చింది.

కుటుంబం వాదన 2024లోనే వీగిపోయింది. ర్యాప్, పాప్‌లలో పేరు తెచ్చుకున్న పోస్ట్ మలోన్ అదే సంవత్సరం కంట్రీలోకి వచ్చారు. ఆయన తొలి కంట్రీ ఆల్బమ్ ఆగస్టులో విడుదలైంది. సెప్టెంబరులో అదే సంఘం ఆయనకు నాలుగు నామినేషన్లు ఇచ్చింది. ఆయన నాష్‌విల్ రచయితలతో కలిసి పనిచేశారు, ఆ ఊరి ప్రముఖులతో గొంతు కలిపారు, ఆ మేరకు తేడా ఉంది. మరి విల్లీ నెల్సన్, డాలీ పార్టన్ ఈ ఆల్బమ్‌లో గొంతు కలపలేదా? వారికన్నా నాష్‌విల్‌కు పెద్దలెవరు? టెక్సస్‌లో పెరిగిన ఇద్దరిలో ఒకరికి ద్వారం తెరిచి మరొకరికి మూసినప్పుడు, వివరించవలసిన బాధ్యత తలుపు దగ్గర ఉన్నవారిదే.

బియాన్సేకు ఇది కొత్త కాదు. 2016 నవంబరులో ఇదే సంఘం పురస్కార వేడుకలో ఆమె చిక్స్ అనే కంట్రీ బృందంతో కలిసి తన పాట ‘డాడీ లెసన్స్’ పాడారు. సామాజిక మాధ్యమాల్లో ద్వేషం వెల్లువెత్తింది. ఆదరణ దొరకని చోట ఎదురైన ఒక అనుభవమే తనను ఆ సంగీత చరిత్ర లోతుల్లోకి పంపిందని, ఈ ఆల్బమ్ అలా పుట్టిందని ఆమె విడుదలకు ముందు రాశారు. వేడుక పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేకపోయింది.

ఆల్బమ్‌ను ఆకాశానికి ఎత్తినవారితోనూ మాకు పేచీ ఉంది. చాలా సమీక్షలు దాన్ని చరిత్ర పాఠంగా, రాజకీయ ప్రకటనగా చదివి మెచ్చుకున్నాయి. అలా మెచ్చుకోవడం కూడా పాటను వినకుండా దాటేయడమే. ‘సిక్స్‌టీన్ క్యారేజెస్’ వినండి. పదిహేనేళ్లకే ఇల్లు విడిచి పనిలో పడిన పిల్ల జ్ఞాపకం అది. వెనుక పెడల్ స్టీల్ అనే ఒక రకం స్టీల్ గిటారు వాయించిన రాబర్ట్ రాండాల్ఫ్ ఆ వాద్యాన్ని నేర్చింది నల్లజాతి చర్చిలో. ఆ చర్చిలో స్టీల్ గిటారు ప్రార్థనలో భాగం. అందుకే ఆ తీగ ఇక్కడ ఏడుపులా కాకుండా పిలుపులా సాగుతుంది. ‘డాటర్’ పాటలో హత్య గురించిన ఊహ ఉంది. హత్యను చెప్పే కథాగీతాలు కంట్రీకి ఎంత పాతవో తెలిసినవారికి ఆ పాట ఏ వరుసలో నిలబడిందో వెంటనే అర్థమవుతుంది. దాని నడుమ ఆమె ఒక పాత ఇటాలియన్ గీతాన్ని శాస్త్రీయ బాణీలో ఎత్తుకుంటారు. చెప్పుకుంటే అతకదనిపిస్తుంది, వింటే ఒళ్లు జలదరిస్తుంది.

లోపాలూ చెప్పాలి. ఆల్బమ్ నిడివి ఎక్కువ. చివరి మూడో వంతులో కొన్ని ట్రాకులు ఆలోచన దగ్గరే ఆగిపోయాయి, పాటలు కాలేదు. డాలీ పార్టన్ పాత పాట ‘జోలీన్’ను తిరగరాయడం సాహసమే అయినా ఫలితం బలహీనం. మూల గీతంలో బతిమాలే స్త్రీ నిస్సహాయతే దాని ప్రాణం. ఇక్కడ ఆమె హెచ్చరించే స్త్రీ అయ్యేసరికి ఆ ప్రాణం జారిపోయింది. డాలీ పార్టన్ ఆ మార్పును మనసారా స్వాగతించారు, అది ఆమె పెద్దరికం. మాకు మాత్రం మూలమే గొప్పగా తోస్తుంది. ఇలా పాట పాటకూ కొలిచి చెప్పడమే బియాన్సేను కంట్రీ గాయనిగా గౌరవించడం అని మేము నమ్ముతున్నాం. తిరస్కారం ఆమెకు అన్యాయం చేసింది, గుడ్డి పొగడ్త ఆమె పనిని తేలిక చేసింది.

డాలస్, హ్యూస్టన్ నగరాల్లో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వారి పిల్లలు పెరుగుతున్నది కంట్రీ రేడియో మోగే నేల మీద. ఆ సంగీతం ఎవరిది అన్న ప్రశ్నకు అక్కడ వచ్చే జవాబు ఆ పిల్లలనూ తాకుతుంది.

ఇప్పుడు అకాడమీ ముందున్న పని చిన్నది కాదు. కొత్త నిబంధనలలో సంప్రదాయ కంట్రీకి అకూస్టిక్ గిటారు, స్టీల్ గిటారు, ఫిడేలు, బాంజో, మాండొలిన్ వంటి వాద్యాలను గుర్తులుగా పేర్కొన్నారు. బాంజో చరిత్ర తెలిసినవారు ఏ ఆల్బమ్ ఏ విభాగంలోకి వెళ్లాలో తేల్చే గదిలో ఉండాలి. నల్లజాతి గాయకుల పాటలు వచ్చిన ప్రతిసారీ సమకాలీనం వైపు తోసేస్తే విభజన ఉద్దేశం మీద ఇప్పుడున్న అనుమానం రుజువైనట్టే. ఎవరి ఆల్బమ్‌లను ఏ విభాగంలో ఎందుకు ఉంచారో అకాడమీ ఏటా బహిరంగంగా చెప్పాలి.

రేడియో కేంద్రాల పని అంతకన్నా తేలిక. ‘కౌబాయ్ కార్టర్’లో బీటిల్స్ పాటను బియాన్సేతో కలిసి పాడిన నలుగురు నల్లజాతి యువ గాయనులు టానర్ అడెల్, బ్రిట్నీ స్పెన్సర్, టియెరా కెనెడీ, రేనా రాబర్ట్స్. నలుగురూ కంట్రీ గాయనులే. తమ పాటలను తామే రాసుకుంటున్నవారు, చిన్న వేదికలన్నీ తిరిగినవారు, నాష్‌విల్ అడిగే అర్హతలన్నీ ఉన్నవారు. బియాన్సేకు రేడియో అవసరం లేదు, వీరికి ఉంది. వీరి సొంత పాటలను ఉదయం, సాయంత్రం జనం కార్లలో ఆఫీసులకు వెళ్లి వచ్చే వేళల్లో వేయాలని కంట్రీ స్టేషన్లను మేము కోరుతున్నాం. అర్ధరాత్రి ఒకసారి వేసి లెక్క చూపించడం చాలదు.